క్రిమి ఒంటి తీరు, వార్డు కట్టుబాటు

గాజు సిరంజీల కాలం గుర్తున్నవాళ్ళు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు. ఊరి డాక్టరు చిన్న స్టీలు డబ్బాలో నీళ్ళు పోసి, సిరంజీనీ సూదుల్నీ అందులో వేసి, స్పిరిట్ స్టవ్ మీద పెట్టేవాడు. నీళ్ళు కుతకుతలాడాక పటకారుతో వాటిని బయటికి తీసేవాడు. చూస్తున్నవాళ్ళకు అంతకన్నా శుభ్రమైన పద్ధతి ఉండదనిపించేది. సలసల కాగే నీళ్ళలో ఏ క్రిమి బతుకుతుంది?

చాలా క్రిములు బతకవు. కొన్ని మాత్రం బతుకుతాయి. ఆ కొన్ని ఏవో, ఎందుకు బతుకుతాయో తెలిసినవాళ్ళ చేతుల్లోనే రోగి క్షేమంగా ఉంటాడు. నర్సింగ్‌లో, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో, ఆపరేషన్ థియేటర్ కోర్సులో చేరినవాళ్ళకు మైక్రోబయాలజీ మొదట్లోనే ఎదురవుతుంది. నోరు తిరగని పేర్లు, ఆకారాలు, రంగులు ఉన్న ఒక పెద్ద పట్టికలా దాన్ని బట్టీపట్టి, పరీక్ష రాసి, వార్డులోకి వెళ్ళేసరికి మరిచిపోయేవాళ్ళే ఎక్కువ. వార్డులో ఇంకో పట్టిక వాళ్ళకోసం కాచుకుని ఉంటుంది. దీన్ని ఆటోక్లేవ్ చేయాలి, దాన్ని గ్లుటరాల్డిహైడ్‌లో నానబెట్టాలి, ఈ గదిలోకి ఎన్95 మాస్కుతో వెళ్ళాలి, ఆ రోగిని ముట్టుకున్నాక శానిటైజర్ చాలదు, సబ్బుతో కడగాలి. రెండు పట్టికల్నీ విడివిడిగా నేర్పడం వల్ల పిల్లలకు ఎంతో నష్టం జరుగుతోందని నా నమ్మకం. ఎందుకంటే అవి రెండూ ఒకటే. వార్డులో ఉన్న ప్రతి కట్టుబాటు వెనకా ఏదో ఒక సూక్ష్మజీవి శరీరం ఉంది. దాని పైపొర ఎలాంటిది, అది దేన్ని తట్టుకుంటుంది, దేనికి కరిగిపోతుంది అన్నది తెలిస్తే నియమం దానంతటదే అర్థమవుతుంది.

మరిగినా చావనివి

బాక్టీరియాలలో కొన్ని జాతులకు ఒక అసాధారణమైన శక్తి ఉంది. తిండీ నీరూ దొరకని రోజులు వస్తే అవి తమ జన్యుపదార్థాన్నీ, బతకడానికి కావలసిన కొద్దిపాటి సరంజామానూ పొరమీద పొరగా కప్పుకుని, లోపలి నీటిని చాలావరకు వదిలేసి, నిద్రాణ స్థితిలోకి వెళతాయి. దాన్నే స్పోరు అంటారు. మన పాఠ్యపుస్తకాల్లో సిద్ధబీజం అని రాస్తారు. స్పోరు తినదు, పెరగదు, విభజన చెందదు. ఏళ్ళ తరబడి మట్టిలో అలాగే పడి ఉంటుంది. తడి, తిండి, తగిన వేడి తగలగానే మళ్ళీ మామూలు బాక్టీరియాగా మారిపోతుంది. ఫెర్డినాండ్ కోన్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త 1876లో వీటిని వర్ణించాడు. మరుసటి ఏడాదే ఇంగ్లండులో జాన్ టిండాల్, ఎండుగడ్డి కషాయాన్ని ఎంత మరిగించినా అందులో మళ్ళీ జీవం ఎందుకు పుట్టుకొస్తోందో తేల్చాడు. వేడికి చచ్చేది పెరుగుతున్న బాక్టీరియా మాత్రమే, స్పోరు తట్టుకుంటుంది. అందుకని ఆయన ఒకసారి వేడిచేసి, స్పోర్లు మొలకెత్తడానికి వ్యవధి ఇచ్చి, మళ్ళీ మళ్ళీ వేడిచేశాడు.

స్పోరుకున్న ఈ మొండితనాన్నే సాధనంగా వాడుకున్న మనిషి ఒకరున్నారు. జపాన్ నుంచి బెర్లిన్ వెళ్ళి రాబర్ట్ కాక్ దగ్గర పనిచేసిన షిబసబురో కిటసాటో. ధనుర్వాతపు పుండులో ఉండే బాక్టీరియాను మిగతావాటి నుంచి వేరుచేయడం అప్పటిదాకా ఎవరివల్లా కాలేదు. ఎప్పుడు పెంచినా పక్కనున్న క్రిములు కలిసే పెరిగేవి. కిటసాటో ఆ మిశ్రమాన్ని 80 డిగ్రీల వేడిలో ఉంచాడు. స్పోర్లు లేనివన్నీ చచ్చిపోయాయి. మిగిలినవాటిని ఆక్సిజన్ తగలకుండా హైడ్రోజన్ వాయువులో పెంచితే 1889లో క్లాస్ట్రీడియం టెటాని ఒంటరిగా చేతికి చిక్కింది. ఈ ఒక్క ప్రయోగంలో ధనుర్వాతం గురించి నర్సుకు తెలియాల్సిన రెండు సంగతులున్నాయి. ఒకటి, అది వేడికి లొంగదు. రెండు, అది గాలి ఆడని చోటే పెరుగుతుంది. అందుకే పైపైన గీసుకుపోయిన గాయం కన్నా లోతుగా దిగిన మేకు, మట్టి కూరుకుపోయిన గాయం, చచ్చిన కండ ఉన్న గాయం ఎక్కువ ప్రమాదం. గాయాన్ని విప్పి, కడిగి, చచ్చిన కండను తీసేయడమంటే ఆ క్రిమికి గాలి తగిలేలా చేయడమే.

ఈ సంగతి తెలియక మన దేశం పోగొట్టుకున్న పసిప్రాణాలకు లెక్కలేదు. కొడవలితోనో, వాడిన బ్లేడుతోనో బొడ్డుతాడు కోసి, దానిమీద బూడిదో పేడో అద్దిన రోజుల్లో, పుట్టినప్పుడు చక్కగా ఏడ్చి, రెండు రోజులు పాలు తాగిన బిడ్డ ఆ తర్వాత దవడ బిగుసుకుపోయి పాలు పట్టలేక, ఒళ్ళు విల్లులా వంగి చనిపోయేది. పేడలో, మట్టిలో ఉన్న స్పోర్లు తెగిన బొడ్డులో మొలకెత్తి విషాన్ని తయారుచేసేవి. కండరాల బిగువును అదుపులో ఉంచే నాడీ సంకేతాలను ఆ విషం ఆపేస్తుంది. అదుపు పోయిన కండరాలు బిగుసుకుపోతాయి. ఏఎన్‌ఎంలకు నేర్పే అయిదు శుభ్రతలు ఇక్కడి నుంచి వచ్చినవే: చేతులు, కాన్పు చేసే చోటు, బ్లేడు, బొడ్డు కట్టే దారం, ఏమీ పూయకుండా వదిలేసిన బొడ్డు. గర్భిణికి ఇచ్చే టీకా వల్ల తల్లి రక్తంలో తయారైన ప్రతిరక్షకాలు మాయ దాటి బిడ్డకు చేరతాయి. టీకా, ఆస్పత్రి కాన్పులు, ఈ శుభ్రతలు కలిసి పనిచేయబట్టే తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలించిన దేశంగా భారతదేశం 2015లో గుర్తింపు పొందింది. స్పోర్లు మాత్రం ఎక్కడికీ పోలేదు. మన పొలాల్లో, పెరళ్ళలో ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. మశూచిని భూమ్మీద లేకుండా చేసినట్టు ధనుర్వాతాన్ని చేయలేం కాబట్టి ఆ శుభ్రతలను సడలించే రోజంటూ ఉండదు.

ఇప్పుడు ఆటోక్లేవ్ సంగతి. మూత తీసిన గిన్నెలో ఎంత మంట పెట్టినా నీరు 100 డిగ్రీలు దాటదు. ఆ వేడిని కొన్ని స్పోర్లు గంటల తరబడి తట్టుకోగలవు. ఆవిరిని బిగించిన పాత్రలో బంధిస్తే ఒత్తిడి పెరుగుతుంది, దాంతోపాటు వేడీ పెరుగుతుంది. మన వంటింటి ప్రెషర్ కుక్కర్ చేసే పని సరిగ్గా ఇదే. పాశ్చర్ శిష్యుడు చార్లెస్ షాంబర్లాండ్ 1879లో ఆటోక్లేవ్‌ను రూపొందించాడు. చదరపు అంగుళానికి 15 పౌండ్ల అదనపు ఒత్తిడి, 121 డిగ్రీల వేడి, కనీసం 15 నిమిషాలు అని మీరు రాసే జవాబులో అసలు చంపేది ఒత్తిడి కాదు, వేడి. అదీ తడివేడి. స్పోరులోని ప్రొటీన్లను గడ్డకట్టించడానికి నీటి ఆవిరి కావాలి. అందుకే తడి లేని హాట్ ఎయిర్ ఓవెన్‌లో అదే పనికి 160 డిగ్రీల దగ్గర రెండు గంటలు పడుతుంది.

దీన్నుంచి థియేటర్ టెక్నీషియన్‌కు కొన్ని ఆచరణలు తప్పనిసరిగా పుట్టుకొస్తాయి. లోపలి గాలి పూర్తిగా బయటికి పోకపోతే ఒత్తిడి మీటరు సరైన అంకె చూపిస్తూనే ఉంటుంది, వేడి మాత్రం చాలదు. డ్రమ్ములో బట్టలు కూరికూరి పెడితే మధ్యలోకి ఆవిరి చేరదు. పరికరానికి ఎండిన రక్తం అంటుకుని ఉంటే దాని కింద ఉన్న స్పోరును ఆవిరి తాకలేదు. అందుకే కడగకుండా ఆటోక్లేవ్ చేయడం అంటే చేయనట్టే లెక్క. పొట్లం మీద అంటించిన టేపు గీతలు నల్లబడితే అది వేడి తగిలిందని మాత్రమే చెబుతుంది, స్పోర్లు చచ్చాయని చెప్పదు. ఆ సంగతి తేలాలంటే జియోబాసిల్లస్ స్టీరోథెర్మోఫిలస్ అనే అతి మొండి బాక్టీరియా స్పోర్లున్న గొట్టాన్ని లోపల పెట్టి, బయటికి తీసి, మొలకెత్తుతాయేమో చూడాలి. ఆ పరీక్ష చేసి, ఫలితాన్ని రిజిస్టరులో రాసే ఆస్పత్రిని నేను గౌరవిస్తాను.

ఊదా, గులాబీ

స్పోర్లు తయారుచేసే జాతులు కొన్నే. మిగతా బాక్టీరియాల లోకాన్ని రెండుగా చీల్చి చూపించే పని గ్రామ్ వర్ణకంది. డెన్మార్క్ వైద్యుడు హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో బెర్లిన్‌లో పనిచేస్తూ, న్యుమోనియాతో చనిపోయినవారి ఊపిరితిత్తుల ముక్కల్లో బాక్టీరియాను కండకణాల నుంచి విడిగా చూడాలని రంగులతో ప్రయత్నాలు చేశాడు. కొన్ని బాక్టీరియాలు ఊదా రంగును పట్టుకుని వదల్లేదు, కొన్ని ఆల్కహాల్ తగలగానే వదిలేశాయి. తన పద్ధతిలో లోపాలున్నాయని ఆయనే రాసుకున్నాడు. ఆ లోపం అనుకున్నదే ఇప్పటికీ ప్రపంచంలోని ప్రతి ల్యాబులో రోజూ చేస్తున్న పరీక్ష అయింది.

స్లైడు మీద క్రిస్టల్ వయొలెట్ ఒక నిమిషం, అయోడిన్ ఒక నిమిషం, తర్వాత ఆల్కహాల్‌తో కొద్ది సెకన్లు, చివర సాఫ్రనిన్. ఈ నాలుగింటిలో ప్రాణమంతా మూడో మెట్టులో ఉంది. గ్రామ్ పాజిటివ్ బాక్టీరియాకు పెప్టిడోగ్లైకాన్ అనే పదార్థంతో కట్టిన మందమైన కణకవచం ఉంటుంది. అయోడిన్‌తో కలిసి పెద్దదైన రంగు అణుసముదాయం అందులో చిక్కుకుపోతుంది. ఆల్కహాల్‌కు ఆ కవచం ఎండి బిగుసుకుంటుందే తప్ప రంగును వదలదు. గ్రామ్ నెగెటివ్‌లో పెప్టిడోగ్లైకాన్ పలచన. దానిపైన కొవ్వుతో చేసిన ఇంకో త్వచం ఉంటుంది. ఆల్కహాల్ ఆ కొవ్వును కరిగించేస్తుంది, ఊదా రంగు కొట్టుకుపోతుంది, తర్వాత వేసిన సాఫ్రనిన్ గులాబీ రంగు నిలుస్తుంది. ఆల్కహాల్‌ను కాస్త ఎక్కువసేపు పోస్తే గ్రామ్ పాజిటివ్ కూడా గులాబీగా కనిపించి, డాక్టరు తప్పుడు మందు మొదలుపెడతాడు. ఆ కొద్ది సెకన్ల జాగ్రత్త ల్యాబ్ టెక్నీషియన్ చేతిలోనే ఉంది.

మందు సంగతి ఎందుకొచ్చిందంటే, ఈ గోడ తీరే చాలా మందుల జాతకాన్ని నిర్ణయిస్తుంది. పెన్సిలిన్ పెప్టిడోగ్లైకాన్ కట్టే పనిని ఆపుతుంది. మన కణాలకు ఆ పదార్థమే లేదు కాబట్టి మనకు హాని చేయకుండా బాక్టీరియాను పగలగొట్టగలుగుతుంది. వాంకోమైసిన్ అణువు చాలా పెద్దది, గ్రామ్ నెగెటివ్ బయటి త్వచాన్ని దాటలేదు. అందుకే స్టెఫైలోకాకస్‌కు ఇచ్చే ఆ మందు ఇ.కోలైకి పనిచేయదు. మైకోప్లాస్మాకు కణకవచమే ఉండదు. దానిముందు పెన్సిలిన్‌కు కొట్టడానికి గోడే దొరకదు. గోడతో సంబంధం లేకుండా, లోపల ప్రొటీన్లు తయారుచేసే రైబోజోమ్‌ను పట్టుకునే మందులు వేరే జాతి. వాటిలో మొదటి టెట్రాసైక్లిన్ అయిన ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల నుంచి వచ్చింది. దాన్ని నేలలోని సూక్ష్మజీవి నుంచి కనిపెట్టినవాడు బెంజమిన్ డగ్గర్. అక్కడి పరిశోధనలన్నిటికీ సారథ్యం వహించినవాడు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. ఊదా, గులాబీ తేడా లేకుండా రెండు గుంపుల మీదా పనిచేసిందంటే కారణం అదే, రెండింటి రైబోజోములూ ఒకే తరహావి. మన కణాలవి వేరు.

గ్రామ్ నెగెటివ్ బయటి త్వచం గురించి మరికాస్త చెప్పాలి. మన తరగతుల్లో దీనికి దక్కాల్సిన సమయం దక్కదు. ఆ త్వచంలో లైపోపాలీశాకరైడ్ అనే అణువులుంటాయి. వాటినే ఎండోటాక్సిన్ అంటాం. బాక్టీరియా బతికున్నా చచ్చినా ఆ అణువులు రక్తంలో పడితే మన రోగనిరోధక వ్యవస్థ తీవ్రంగా స్పందిస్తుంది. జ్వరం, వణుకు, మోతాదు పెరిగితే రక్తపోటు పడిపోవడం. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి ఇచ్చిన ఇంజెక్షన్ల తర్వాత రోగులకు అకారణంగా జ్వరం వచ్చేది. నీటిని వేడిచేసి క్రిముల్ని చంపినా వచ్చేది. అమెరికన్ శాస్త్రవేత్త ఫ్లోరెన్స్ సీబర్ట్ 1923లో ఆ గుట్టు విప్పింది. నీటిలో పెరిగిన బాక్టీరియా చచ్చినా, అవి వదిలిన పదార్థం నీటిలోనే మిగిలి జ్వరం తెప్పిస్తోంది. ఆటోక్లేవ్ బాక్టీరియాను చంపుతుంది, ఎండోటాక్సిన్‌ను నాశనం చేయలేదు. గాజు సామాను మీది ఎండోటాక్సిన్ పోవాలంటే 250 డిగ్రీల పొడివేడిలో అరగంట కాల్చాలి. క్రిములు లేకపోవడం వేరు, జ్వరం తెప్పించే పదార్థం లేకపోవడం వేరు. సెలైన్ తయారుచేసేవాళ్ళు రెండూ విడివిడిగా పరీక్షించేది ఇందుకే.

రాత్రి డ్యూటీలో సెలైన్ పెట్టిన కాసేపటికి రోగి గజగజ వణికిపోతున్నాడనుకోండి. దుప్పటి కప్పి, పారాసెటమాల్ ఇచ్చి, సీసాను అలాగే నడవనిస్తే ఆ త్వచపు అణువులు చుక్క చుక్కగా లోపలికి పోతూనే ఉంటాయి. వెంటనే డ్రిప్ ఆపాలి, డాక్టరును పిలవాలి. సీసానూ గొట్టాన్నీ చెత్తలో పడేయకుండా బ్యాచ్ నంబరుతో సహా భద్రపరచాలి. అదే బ్యాచ్ సీసా పక్క మంచానికి కూడా వేలాడుతూ ఉండవచ్చు.

మైనపు కోటు

గ్రామ్ వర్ణకానికి సరిగా లొంగని ఒక బాక్టీరియా మన దేశానికి మహా శత్రువు. క్షయ క్రిమి ఒంటిమీద మైకోలిక్ ఆమ్లాలతో చేసిన మైనంలాంటి పొర ఉంటుంది. మామూలు రంగులు అందులోకి దిగవు. జీల్–నీల్సన్ పద్ధతిలో కార్బోల్ ఫుక్సిన్‌ను వేడిచేసి ఎక్కిస్తారు. ఒకసారి ఎక్కాక ఆమ్లం పోసినా ఆ ఎరుపు దిగదు. నీలి నేపథ్యంలో సన్నటి ఎర్రటి కడ్డీలు కనబడితే అవే. 1882 మార్చి 24న రాబర్ట్ కాక్ ఈ క్రిమిని ప్రపంచానికి ప్రకటించాడు, క్షయ దినం ఆ తేదీనే జరుగుతుంది.

ఆ మైనపు పొర వల్ల పోషకాలు లోపలికి మెల్లగా వెళతాయి, క్రిమి మెల్లగా పెరుగుతుంది. ఇ.కోలై అనుకూలమైన చోట 20 నిమిషాలకోసారి రెండవుతుంది. క్షయ క్రిమికి 15 నుంచి 20 గంటలు పడుతుంది. అందుకే కల్చర్ ఫలితానికి వారాలు ఆగాలి. నిదానంగా పెరిగేవాటిని మందులు నిదానంగానే తుడిచిపెట్టగలవు కాబట్టి చికిత్స నెలలు సాగుతుంది. రెండు నెలలకే దగ్గు తగ్గి, బరువు పెరిగిన రోగి “నాకు నయమైపోయింది, ఇంకెందుకు మాత్రలు?” అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు విసుక్కోకుండా జవాబు చెప్పగలగడం మీ వృత్తిలో పెద్ద పని.

మైక్రోస్కోపు కింద ఈ క్రిమి కనబడాలంటే ఒక మిల్లీలీటరు కళ్ళెలో దాదాపు 5,000 నుంచి 10,000 దాకా ఉండాలి. ఉమ్మి తెచ్చి ఇస్తే అందులో అవి ఉండవు. నోరు పుక్కిలించి, గుండెల నిండా గాలి పీల్చి, లోపలినుంచి దగ్గి కళ్ళె తీయాలని రోగికి చేసి చూపించాలి. అదీ ఆరుబయట చేయించాలి. దగ్గినప్పుడు గాల్లోకి వచ్చే తుంపర్లలో పెద్దవి నేలరాలతాయి. నీరు ఆవిరైపోగా మిగిలిన 1 నుంచి 5 మైక్రాన్ల కణాలు మూసిన గదిలో గంటల తరబడి తేలుతూ, ఊపిరితిత్తుల చివరి గదుల దాకా వెళతాయి. రోగికి మామూలు సర్జికల్ మాస్కు ఇవ్వడం బయటికొచ్చే తుంపర్లను ఆపడానికి. మీరు ఎన్95 పెట్టుకోవడం గాల్లో తేలే సన్నకణాలను పీల్చకుండా ఉండడానికి. కిటికీలు ఎదురెదురుగా తెరిచిన వార్డు ఖర్చులేని వైద్యం. చలికాలంలోనూ, ఏసీ గదుల్లోనూ దాన్ని మరిచిపోతున్నాం.

కొవ్వు చొక్కా ఉన్నవీ లేనివీ

వైరస్‌లలో చూడవలసిన మొదటి తేడా చాలా సులువైనది. జన్యుపదార్థం చుట్టూ ప్రొటీను కవచం అన్నిటికీ ఉంటుంది. కొన్నిటికి దానిపైన కొవ్వుపొర కూడా ఉంటుంది. ఇన్‌ఫ్లుయెంజా, కరోనా, హెచ్ఐవి, హెపటైటిస్ బి ఆ రకం. సబ్బు, ఆల్కహాల్ ఆ కొవ్వును చెదరగొడతాయి. పొర పోయిన వైరస్ కణంలోకి దూరలేదు. పోలియో, హెపటైటిస్ ఎ, నోరోవైరస్‌లకు కొవ్వుపొర లేదు. పైన దుస్తులేవీ లేనివి బలహీనమనిపిస్తుంది గానీ జరిగేది దానికి తలకిందులు. కరగడానికి కొవ్వే లేదు కాబట్టి ఆల్కహాల్‌ను ఇవి బాగా తట్టుకుంటాయి, జీర్ణాశయంలోని ఆమ్లాన్నీ పేగుల్లోని పైత్యరసాన్నీ కూడా తట్టుకుంటాయి. మలం ద్వారా, నీటి ద్వారా వ్యాపించే వైరస్‌లు ఎక్కువగా ఈ రకానివే కావడానికి కారణం ఇదే.

కాబట్టి వాంతులు, విరేచనాలతో ఉన్న రోగి దగ్గర నుంచి వచ్చాక సబ్బూ నీళ్ళే శరణ్యం. క్లాస్ట్రీడియాయిడీస్ డిఫిసిల్ విరేచనాల దగ్గరా అంతే, అది స్పోర్లు వదిలే బాక్టీరియా. వాటిని చేతి నుంచి రుద్ది నీటితో పంపేయాల్సిందే. మిగతా ఎక్కువ సందర్భాల్లో ఆల్కహాల్ రబ్ 20 నుంచి 30 సెకన్లు చాలు, సబ్బుకైతే 40 నుంచి 60 సెకన్లు. ఆల్కహాల్ 70 శాతం ఉన్నదే శుద్ధ ఆల్కహాల్ కన్నా బాగా పనిచేస్తుంది, ప్రొటీన్లను చెడగొట్టడానికి నీరు కూడా కావాలి గనక.

చేతుల గురించి ఇంత నమ్మకంగా చెప్పగలుగుతున్నామంటే అందుకు వియన్నాలో చనిపోయిన బాలింతలు కారణం. అక్కడి పెద్దాస్పత్రిలో రెండు కాన్పు విభాగాలుండేవి. ఒకదానిలో డాక్టర్లు, వైద్యవిద్యార్థులు, రెండోదానిలో మంత్రసానులు. 1846లో మొదటిదానిలో నూటికి 11 మందికి పైగా చనిపోతే రెండోదానిలో 3 కన్నా తక్కువ. ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ శవపరీక్ష గది నుంచి నేరుగా కాన్పు గదికి వస్తున్న చేతుల్ని అనుమానించి, 1847 మే నుంచి క్లోరిన్ సున్నపు నీటితో కడుక్కోమన్నాడు. మరుసటి ఏడాది మరణాలు నూటికి ఒకటి చిల్లరకు దిగాయి. ఇంతవరకు చాలా పుస్తకాల్లో ఉంటుంది. నాకు అంతకన్నా ముఖ్యమనిపించేది 1847 అక్టోబరులో జరిగినది. గర్భాశయపు క్యాన్సర్ పుండుతో ఉన్న ఒక స్త్రీని వరసలో మొదటి మంచం మీద పడుకోబెట్టారు. డాక్టర్లు గదిలోకి వచ్చేముందు చేతులు కడుక్కున్నారు, ఆమెను పరీక్షించారు, ఆ తర్వాత సబ్బుతో మాత్రం కడుక్కుని వరసలో మిగతావాళ్ళను పరీక్షించారు. ఆ వరసలో కాన్పయిన 12 మందిలో 11 మంది చనిపోయారు. విషం శవం నుంచే కాదు, బతికున్న మనిషి నుంచి కూడా రావచ్చని సెమ్మెల్వైస్‌కు అప్పుడు అర్థమైంది. ప్రతి రోగికీ మధ్య మళ్ళీ క్లోరిన్ నీటితో కడగాలన్న నియమం అప్పుడు పెట్టాడు. వార్డులోకి రాగానే ఒకసారి చేతులు కడుక్కుని, మంచం నుంచి మంచానికి అవే చేతులతో వెళ్ళేవాళ్ళు ఈనాటికీ ఉన్నారు. గ్లవ్స్ మార్చకుండా వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. ఆ 11 మంది సంగతి వాళ్ళకు ఎవరూ చెప్పలేదేమో.

సెమ్మెల్వైస్‌కు క్రిమి కనబడలేదు. బాలింత జ్వరంలో గొలుసుల్లా ఉండే బాక్టీరియాను పాశ్చర్ 1879లో చూపించాడు. అప్పటికి సెమ్మెల్వైస్ చనిపోయి పద్నాలుగేళ్ళు.

చేతిమీద ఉండేవన్నీ శత్రువులు కావు. చర్మం మీద స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ మనతోనే పుట్టి పెరిగినట్టు కాపురముంటుంది. దానివల్ల ఆరోగ్యవంతుడికి హాని లేదు. కానీ చర్మాన్ని సరిగా తుడవకుండా కల్చర్‌కు రక్తం తీస్తే సీసాలో పెరిగేది అదే. లేని జబ్బుకు ఖరీదైన మందు పడుతుంది. క్లోర్‌హెక్సిడిన్ పూశాక అది ఆరేదాకా ఆగడం, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే రక్తం తీయడం, సీసాకు తగినంత రక్తం నింపడం, ఇవి నర్సు చేతిలో ఉన్న రోగనిర్ధారణ. అదే ఎపిడెర్మిడిస్‌కు కాథెటర్ దొరికితే దాని ప్లాస్టిక్ మీద జిగట పొర అల్లుకుని, మందులకు అందకుండా దాక్కుంటుంది. అవసరం తీరిన కాథెటర్‌ను ఒక్క రోజు కూడా ఎక్కువ ఉంచకూడదనడం దానివల్లే.

సూది గుచ్చుకుంటే

ఇక మీ ఒంటి సంగతి. రక్తం ద్వారా వచ్చే మూడు వైరస్‌లలో జనం ఎక్కువగా భయపడేది హెచ్ఐవికి. లెక్కలు వేరే కథ చెబుతాయి. హెచ్ఐవి ఉన్నవారి రక్తం అంటిన సూది గుచ్చుకుంటే అది సోకే అవకాశం దాదాపు 0.3 శాతం. హెపటైటిస్ సి 2 శాతం లోపు. టీకా వేసుకోనివారికి హెపటైటిస్ బి అయితే, రోగి రక్తంలో వైరస్ ఎంత ఉందన్నదాన్ని బట్టి 6 నుంచి 30 శాతం దాకా. పైగా ఎండిన రక్తపు మరకలో హెపటైటిస్ బి వైరస్ వారం రోజుల దాకా బతకగలదు. కొవ్వుపొర ఉన్నవన్నీ బయట త్వరగా చస్తాయనుకోవడం దీని విషయంలో చెల్లదు.

వాడిన సూదికి మూత మళ్ళీ పెట్టబోతుండగా గుచ్చుకోవడం తరచుగా జరిగే ప్రమాదం. మూత పెట్టకుండా నేరుగా తెల్లటి గట్టి డబ్బాలో వేయాలి. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల్లో సూదులకు తెలుపు, రక్తం అంటిన దూదికీ కట్లకూ పసుపు, గొట్టాలకూ గ్లవ్స్‌కూ ఎరుపు, గాజుకు నీలం. సంచీ దగ్గర మీరు పొరపడితే ఆ సూది గుచ్చుకునేది చెత్త మోసే మనిషికి. ఆయనకు టీకా వేశారో లేదో ఎవరూ అడిగి ఉండరు.

గుచ్చుకుంటే పిండకూడదు, బ్లీచ్ పోయకూడదు. సబ్బుతో, పారే నీటితో కడగాలి. ఇన్‌చార్జికి చెప్పాలి. తిడతారని దాచుకోకూడదు, ఎందుకంటే హెచ్ఐవి నివారణ మందులు వీలైతే రెండు గంటల్లో, ఆలస్యమైనా 72 గంటల లోపు మొదలవ్వాలి, 28 రోజులు వాడాలి. హెపటైటిస్ బికి మాత్రం వార్డులో అడుగుపెట్టకముందే చేయగలిగింది ఉంది. హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ 1997లో జన్యుసాంకేతికతతో మన దేశంలోనే ఆ టీకాను తయారుచేసి తక్కువ ధరకు అందించింది. మొదటి డోసు, నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది. మూడోది వేసుకున్న ఒకటి రెండు నెలలకు రక్తపరీక్ష చేయించుకుని, ప్రతిరక్షకాల స్థాయి మిల్లీలీటరుకు 10 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లు దాటిందో లేదో చూసుకోవాలి. దాటకపోతే మళ్ళీ మూడు డోసులు వేసుకోవాలి. ఆ కాగితాన్ని మీ సర్టిఫికెట్లతో కలిపి పెట్టుకోండి, గుచ్చుకున్న రోజు డాక్టరు మొదట అడిగేది దానికోసమే.